వీరన్న ఒళ్ళో ఇద్దరు ముసలమ్మలు

పక్షవాతం వచ్చి రామలక్ష్మమ్మకు కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి గానీ నోటికి మాత్రం ఏమీ కాలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు కొడుకు దేవీప్రసాద్ దేవుడి పటానికి దండం పెట్టి, "మాట పోలేదు, అదే చాలు" అన్నాడు. వారం తిరక్కుండానే ఆ దండం వెనక్కి తీసుకుందామా అనిపించింది.

చెయ్యి నెమ్మదిగా స్వాధీనంలోకి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూనైనా కదులుతోంది. డాక్టరు చెప్పింది ఒకటే మాట: నడవాలి. కూర్చుంటే కుర్చీకే అంటుకుపోతారు. స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే దేవీప్రసాద్ ఆ మాటను వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తల్లికి చెప్పేవాడు. మధ్యలో ఖాళీ అంతా కోడలు సత్యశ్రీ చెప్పేది. అడుగున నాలుగు కాళ్ళున్న చేతికర్ర కొన్నారు. వరండా గోడకు పట్టుకోవడానికి స్టీలు కడ్డీ వేయించారు. చివరికి ఎవరో వాడి వదిలేసిన ట్రెడ్‌మిల్లు ఒకటి తెచ్చి హాల్లో పెట్టారు. రామలక్ష్మమ్మ దాన్ని తేరిపార చూసింది.

"ఎంత నడిసినా ఉన్నకాడే ఉంటావు. ఇదేటి నడకరా బాబూ? గానుగెద్దు నయం, నూనైనా వొత్తాది."

మర్నాటి నుంచి సత్యశ్రీ దాని మీద తడిబట్టలు ఆరేసేది.

"అత్తయ్యా, డాక్టరు గారు నడవమన్నారు కదా."

"ఆడు నడమంటాడు. ఎక్కడికి నడాలో సెప్పినాడేటి?"

చిక్కంతా అక్కడే ఉంది. గాజువాక మెయిన్ రోడ్డుకు లోపలగా ఉన్న ఆ కాలనీ వీధిలో గేటు దాటితే కాలవ మీద పలకలు. ఒకటి ఉంటే ఒకటి లేదు, ఉన్నది ఊగుతుంది. పలకలు దాటితే కుక్కలు. కుక్కల్ని దాటితే షేర్ ఆటోలు. ఒళ్ళు బాగుచేసుకోవడానికి ఆ వీధిలో నడవాలంటే ముందు ఒళ్ళు బాగుండాలి. అందుకని రామలక్ష్మమ్మ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, వచ్చేపోయే వాళ్ళ మీద వ్యాఖ్యానాలు చేస్తూ కాలక్షేపం చేసేది.

ఆ రోజుల్లో పక్కింట్లోకి షగుఫ్తా అనే స్కూలు టీచరు అద్దెకు దిగింది. వెంట ఆమె తల్లి గుల్జార్ బేగం. పూర్ణా మార్కెట్ వెనక సందులో పుట్టి, ఆ సందులోనే పెళ్ళాడి, అక్కడే భర్తను సాగనంపి, అరవై దాటాక కూతురితో గాజువాక వచ్చింది. పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు పీలగా ఉండిపోయింది. అడుగు వెయ్యాలంటే మోకాలి పైన చెయ్యి ఆనించి గట్టిగా నొక్కి, ఒళ్ళంతా ఒక పక్కకు ఊపాలి. అలా ఊపుకుంటూనే పిల్లల్ని కంది, పెంచింది, ఇంటింటికీ తిరిగి జాకెట్లు కుట్టిచ్చింది.

వచ్చిన రెండో రోజే సంచీ పుచ్చుకుని బయల్దేరింది. రామలక్ష్మమ్మ ఆ నడకను పక్కింటి గుమ్మం దగ్గర్నుంచీ గమనించి, తన గేటు ముందుకొచ్చేసరికి ఇక ఆగలేకపోయింది.

"ఏటమ్మా, ఆ కాలు నీదేనా, అద్దెకి తెచ్చినావా?"

లోపల్నుంచి సత్యశ్రీ క్షమాపణ చెప్పడానికి పరుగెత్తుకొచ్చింది. ఆ అవసరం రాలేదు. బేగం ఆగి, మోకాలి మీద చెయ్యి తియ్యకుండానే ఇటు తిరిగింది.

"సొంతదే అక్కా. పుట్టినకాడ్నుంచీ వాడతన్నాను, ఇంకా అరగలేదు. నువ్వేటి, ఉన్న కాలు కొత్త చీరలాగ దాసుకున్నావ్?"

రామలక్ష్మమ్మకు నవ్వాగలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక అంత నవ్వడం అదే మొదలు. నవ్వులో చేతికర్ర కింద పడింది. ఇద్దరిలో ఎవరూ వంగలేరు. సత్యశ్రీయే వంగి తీసింది.

మర్నాడు పొద్దున్నే బేగం సంచీతో కనబడగానే రామలక్ష్మమ్మ కుర్చీలోంచి లేచింది. "ఆగు, నానూ వొత్తాను. నువ్వు పడిపోతే సూడ్డానికి ఒకరుండాల కదా" అంది. సత్యశ్రీ నోరెళ్ళబెట్టి చూస్తూ నిలబడింది.

వీధి మలుపులో కాలనీ సంఘం ప్రెసిడెంటు శ్రీరామ్మూర్తి ఇల్లుంది. ఆ ఇంటి ప్రహరీని ఆనుకుని, గన్నేరు చెట్టు నీడలో ఒక సిమెంటు బల్ల ఉండేది. వీపు ఆనించేచోట ఎర్రక్షరాలతో 'కీర్తిశేషులు వీరన్న గారి జ్ఞాపకార్థం, కుమారుడు శ్రీరామ్మూర్తి' అని రాసుంది. ఇంటి నుంచి మార్కెట్టుకు పోయే దారిలో అది సగం దూరం. అక్కడ కాసేపు కూర్చోగలిగితే మిగతా సగం నడవొచ్చు. కూర్చునే చోటు లేకపోతే మొదటి సగం నడిచినా దండగే.

మొదటి రోజు అక్కడికి చేరేసరికి రామలక్ష్మమ్మ కాలు వణుకుతోంది. బల్ల మీద పేరు చదివింది.

"పద బేగం, వీరన్న ఒళ్ళో కూకుందాం."

"తౌబా! పరాయి మగాడు అక్కా."

"సచ్చిపోనోడే గదే. ఏటీ సెయ్యలేడు, కూకో."

అప్పట్నుంచి అది రోజూ ఉన్నదే. "జరుగే, వీరన్నని సగం నువ్వే ఆక్రమించీసినావు", "ఇయ్యాల వీరన్న వేడిగా ఉన్నాడు, తువ్వాలెయ్యి" లాంటి మాటలు వీధంతా వినబడేవి. గేటు లోపల పేపరు చదువుకునే శ్రీరామ్మూర్తికి ఒళ్ళు మండేది. తండ్రి పేరు కలకాలం నిలవాలని బల్ల కట్టించినవాడు, ఆ పేరు ఈ రకంగా నిలుస్తుందని ఊహించలేదు.

ఇద్దరికీ ఒకరితో ఒకరికి పనిబడింది. ఒంటరిగా అయితే బేగానికి కుక్కలంటే హడలు. రామలక్ష్మమ్మ కర్ర ఆడిస్తూ నోరు చేసుకుంటే కుక్కలు ఎదురింటి మెట్ల కిందకు పోయేవి. పలకలు ఊగే చోట బేగం ముందు నడిచి, ఏది ఎటు ఊగుతుందో చెప్పేది. పొద్దున వేసుకోవాల్సిన బీపీ మాత్ర రామలక్ష్మమ్మ తిరిగొచ్చాకే వేసుకునేది, అది వేసుకుంటే మాటిమాటికీ ఒంటేలు. మార్కెట్లో మగాళ్ళకు ప్రతి గోడా పనికొస్తుంది, ఆడవాళ్ళకు ఇల్లే గతి. ఈ సంగతి ఏ డాక్టరూ అడగలేదు, ఆమే సొంతంగా సర్దుకుంది.

మార్కెట్లో చేపలమ్మే సూర్యకళతో రోజూ తగువు. కొన్నా కొనకపోయినా తగువు మాత్రం తప్పనిసరి. నెలలు గడిచేకొద్దీ రామలక్ష్మమ్మ కుడి పాదం నేలను గీకడం తగ్గింది. డాక్టరు చూసి, ట్రెడ్‌మిల్లు బాగా పనిచేసిందన్నాడు. ఆమె అడ్డు చెప్పలేదు.

అలా ఉండగా శ్రీరామ్మూర్తి కొత్త కారు కొన్నాడు. బాగా పొడుగు కారు. గేట్లోకి తిప్పాలంటే బల్ల అడ్డమొస్తోంది. రెండుసార్లు బంపరు గీసుకుంది. మూడోసారి గీసుకున్న మధ్యాహ్నం కూలీలను పిలిపించి, పలుగులతో బల్లను పెకలించి, పెరట్లో నీళ్ళ ట్యాంకు పక్కన పడేయించాడు.

మర్నాడు మలుపు తిరిగిన ఇద్దరికీ అక్కడ గుంట, నాలుగు ఇటుక ముక్కలు కనిపించాయి. రామలక్ష్మమ్మ కాలికి అది కూర్చునే వేళ. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. మోకాలు జారిపోతుంటే కర్ర పట్టుకునే నెమ్మదిగా కిందికి దిగి, రోడ్డు మధ్యలో కూర్చుండిపోయింది.

"లెగు అక్కా, బండ్లొత్తాయి!"

"ఎలా లెగమంటావ్? నువ్వు లేపగలవేటి?"

బేగం అటూ ఇటూ చూసింది. లేపడం తన వల్ల కాదు, వదిలి పోవడమూ కాదు. పీల కాలు చాపి, పక్కనే తనూ కూర్చుంది.

మెయిన్ రోడ్డు వైపు పోయే ముజీబ్ షేర్ ఆటో వచ్చి ఆగింది. దాని వెనక స్కూలు వ్యాను, వ్యాను వెనక మోటారు సైకిళ్ళు.

"ఏటమ్మా, రోడ్డు మీద కూకున్నారు?" అన్నాడు ముజీబ్ తల బయటపెట్టి.

"కుర్సీ ఎవుడూ తేలేదు బాబూ, అందుకనీసి" అంది రామలక్ష్మమ్మ.

హారన్లకు శ్రీరామ్మూర్తి బయటికొచ్చాడు. పరిస్థితి చూసి గొంతు సవరించుకున్నాడు.

"చూడండి రామలక్ష్మమ్మ గారూ, బల్ల తియ్యడం మీ మంచికే. ఒంట్లో బాగోనివాళ్ళు, పెద్దవాళ్ళు రోడ్డు మీదకి రాకూడదు. రేపేదన్నా అయితే ఎవరిది బాధ్యత? హాయిగా ఇంట్లో నడుచుకోండి."

"అది సర్లే గానీ, మీ నాన్ననేటి సేసినావు?"

"ఏంటండీ ఆ మాట?"

"నిన్నటిదాకా ఇక్కడే ఉన్నాడు. కారొచ్చినాదని కన్న తండ్రిని పీకించీసినావా నాయనా?"

స్కూలు వ్యానులో పిల్లలు కూడా నవ్వారు. శ్రీరామ్మూర్తి మొహం కందగడ్డయింది. ముజీబూ, మోటారు సైకిలు దిగిన ఇంకొకతనూ కలిసి ఇద్దర్నీ లేపారు. ముజీబ్ ఆటో వెనక్కి తిప్పి ఇళ్ళ దగ్గర దింపాడు.

సాయంత్రానికి ప్రెసిడెంటు నుంచి దేవీప్రసాద్‌కు ఫోనొచ్చింది. అతను ఫోను పెట్టేసి తల్లి దగ్గరకొచ్చాడు.

"అమ్మా, పరువు తీసేత్తన్నావే. ఇంట్లో కడ్డీ ఉంది, మిషనుంది, పైన మేడుంది. రోడ్డెందుకు నీకు?"

"మేడ మీద ఎవుడున్నాడ్రా, నీళ్ళ ట్యాంకు తప్ప?"

కానీ మర్నాడు ఆమె బయటికి పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. పోయినా కూర్చునే చోటు లేదు. గేటు దగ్గర కుర్చీ కూడా లోపల పెట్టించేసింది. కుక్కల భయంతో బేగం కూడా ఇల్లు కదల్లేదు. గోడకు ఇటూ అటూ ఇద్దరు ఆడవాళ్ళు టీవీల ముందు కూర్చున్నారు.

ఒక నెల అలా గడిచింది. ఒకరోజు పొద్దున బాత్రూము గడప దగ్గర రామలక్ష్మమ్మ కుడి పాదం పైకి లేవలేదు. లేచిందనుకుని ఆమె ముందుకు వంగింది. భుజం తలుపుకు కొట్టుకుని కింద పడింది. సత్యశ్రీ వచ్చేసరికి ఆమె చీర తడిసిపోయి, నేల మీద కళ్ళు తెరుచుకుని పడుంది. ఎముక విరగలేదు. సత్యశ్రీ పక్కనే కూర్చుని నీళ్ళు పోసి కడిగి, చీర మార్చింది. ఆ సేపంతా అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు. కోడలి చేతులు మొరటువనలేదు, నీళ్ళు చల్లగా ఉన్నాయనలేదు, తలుపును కూడా తిట్టలేదు.

పక్షవాతం వచ్చినప్పుడు కూడా సత్యశ్రీకి అంత భయం వెయ్యలేదు. అత్తను మంచం మీద పడుకోబెట్టి తిన్నగా పక్కింటికి వెళ్ళింది.

"పిన్నీ, ఒకసారి రండి. అత్తయ్య తిట్టడం మానేసింది."

బేగం వచ్చింది. మంచం పక్కన కూర్చుని, రామలక్ష్మమ్మ పాదం తన ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు నొక్కుతూ అంది:

"నానూ మొన్న వంటింట్లో తూలినాను అక్కా. షగుఫ్తాకి సెప్పలేదు. సెప్తే నన్నింక మంచం దిగనివ్వదు."

"నాకు భయమేత్తన్నాది బేగం" అంది రామలక్ష్మమ్మ. గోడ వైపు తిరిగి అంది.

"నాకూ భయమే. అయితే ఏటి? వీరన్న పోతే పోనాడు, ఆడి కొడుకిల్లు ఉన్నాది కదా. గుమ్మంలో ఉయ్యాల బల్ల కూడా ఉన్నాది. పోయి కూకుందాం."

రామలక్ష్మమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. "దానికి దిండ్లున్నాయేటి?" అంది.

సత్యశ్రీ మలుపు దాకా తోడొచ్చి, ప్రెసిడెంటు గేటు కనబడగానే ఏదో పనున్నట్టు వెనక్కి తిరిగిపోయింది. శ్రీరామ్మూర్తి ఆ వేళకు వార్డు ఆఫీసుకు పోయాడు. ఆ ఇంటికి మూడు మెట్లు. బేగం కూర్చుని ఒక్కో మెట్టూ పిర్రల మీద ఎక్కింది. రామలక్ష్మమ్మ కూడా చుట్టూ చూసి, ఎవరూ లేరని అలాగే ఎక్కింది. ఇద్దరూ ఉయ్యాల బల్ల మీద కూలబడేసరికి అది కిర్రుమని గోల పెట్టింది.

లోపల్నుంచి టకటకమని వాకర్ చప్పుడు. తలుపు తెరుచుకుంది. శ్రీరామ్మూర్తి భార్య కుసుమకుమారి. ఏడాదిన్నరగా ఆమెను కాలనీలో ఎవరూ చూడలేదు. మోకాలి ఆపరేషను తర్వాత విశ్రాంతి తీసుకుంటోందని శ్రీరామ్మూర్తి అందరికీ చెప్పేవాడు. ఆ మోకాలికి చీము పట్టిందనీ, మళ్ళీ కోసి కుట్టాక కాలు కర్రలా బిగుసుకుపోయి ఇక వంగలేదనీ చెప్పేవాడు కాదు. ప్రెసిడెంటు భార్య కుంటుకుంటూ బయటికొస్తే నలుగురూ నాలుగు ప్రశ్నలడుగుతారని ఆయన భయం. కొన్నాళ్ళకు ఆ భయం ఆమెకూ అంటుకుంది.

"అలిసిపోనామమ్మా, కాసేపు కూకుంటాం" అంది బేగం, కాస్త తగ్గి.

కుసుమకుమారి ఇద్దర్నీ చూసి నవ్వు మొదలెట్టింది. వాకర్ పట్టుకుని ఊగిపోతూ నవ్వింది.

"మీరేనా? రోజూ కిటికీ కాడ కూకుని మీ మాటలే ఇనేదాన్ని. మా మావగారు బతికున్నన్నాళ్ళూ ఆడమనిషి ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. సచ్చాక ఇద్దరొచ్చి ఒళ్ళో కూకున్నారు. నెల్రోజుల్నుంచి మీరు రాపోతే టీవీ పాడైపోనట్టున్నాది నాకు."

టీ పెట్టుకొచ్చింది. కప్పులు వాకర్ మీద ఒకేసారి తేలేక, ఒక్కోటిగా మూడు విడతల్లో తెచ్చింది. వంగని కాలు చాపి కుర్చీలో కూర్చుంది. ముగ్గురూ ఒకరి కాలు ఒకరికి చూపించుకున్నారు. చీర పైకెత్తి మచ్చలు చూపించుకున్నారు. ఎవరి కాలు ఎక్కువ దరిద్రంగా ఉందో తేలలేదు.

శ్రీరామ్మూర్తి తిరిగొచ్చేసరికి గుమ్మంలో నవ్వులు. ఆయన చూస్తుండగానే బేగం ఆయన పడకగది బాత్రూములోంచి చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"సబ్బు మంచి వాసనొత్తన్నాది పెసిడెంటు గారూ. ఏ కంపెనీ?"

ఇద్దరూ మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ. ఆయన పేపరు చదివే కుర్చీ బేగం పరమైంది. భార్యను లోపలికి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు, "ఏంటిదంతా? వీళ్ళు రోజూ వస్తారా?"

కుసుమకుమారి గొంతు తగ్గించకుండానే చెప్పింది. "రోడ్డు మీదకి రావద్దన్నది మీరే కదా. రోడ్డు మీద లేరు, మనింట్లో ఉన్నారు."

ఇంకో నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. ఐదో రోజు అవే పలుగులు, అవే కూలీలు. పెరట్లో పడున్న బల్లను గేటుకు రెండో పక్కన, కారు తగలని చోట పాతించాడు. సిమెంటు ఆరగానే శ్రీరామ్మూర్తి గుమ్మంలోకొచ్చి, పెళ్ళికి పిలిచినంత మర్యాదగా, "మీ బల్ల మళ్ళీ వేయించానండీ. హాయిగా అక్కడ కూర్చోవచ్చు" అన్నాడు.

"సాల్లే, బతికినాం" అని రామలక్ష్మమ్మ కర్ర అందుకుంది. బేగం మోకాలి మీద చెయ్యి పెట్టింది. కుసుమకుమారి వాకర్ ముందుకు తోసింది.

"నువ్వెక్కడికి?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"మార్కెట్టుకి."

"జనం చూస్తారు కుసుమా."

"సూడనీండి. మీ కారుని సూడ్డం లేదేటి?"

మెట్ల దగ్గర ఆగింది. కాలు వంగదు, వాకర్ దిగదు. కింద ఇద్దరు ముసలమ్మలు తల పైకెత్తి ఎదురుచూస్తున్నారు. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ బట్టలు వదిలేసి చూస్తోంది. శ్రీరామ్మూర్తి అటూ ఇటూ చూసి, ఇక తప్పదన్నట్టు భార్య చంక కింద చెయ్యేసి, ఒక్కో మెట్టూ దింపాడు. రెండో చేత్తో వాకర్ కూడా దింపాడు. కింది మెట్టు దిగాక కూడా కాసేపు ఆమెను వదల్లేదు. ఆమే విడిపించుకుంది.

వీరన్న ఒళ్ళో ముగ్గురు ఇరుక్కుని కూర్చుని, లేచి, మార్కెట్టు వైపు సాగారు. శ్రీరామ్మూర్తికి ఇంట్లో నిలకడ లేకపోయింది. మధ్యలో ఆమె కూలబడితే ఎలా అని కారు తీసి, వాళ్ళ వెనకే నడక వేగంతో పోనిచ్చాడు. ఆ ఇరుకు వీధిలో పొడుగు కారు వెనక ఆటోలు, ఆటోల వెనక గ్యాసు బండి బారులు తీరాయి. ముజీబ్ ఆటో దిగి వచ్చి కారు కిటికీ మీద కొట్టాడు.

"బావా, నడపడం రాపోతే దిగి తోసుకో! మాకు బేరాలుండవా?"

కుసుమకుమారి వెనక్కి తిరిగి చూసింది. "ఆయనెవరో నాకు తెల్దు" అంది.

మార్కెట్లో సూర్యకళ కొత్త మనిషిని చూసి, "ఏటమ్మా, కాలు వొంగదేటి?" అని గట్టిగానే అడిగింది. ఏడాదిన్నరగా మొగుడూ పెళ్ళాం భయపడింది ఈ ప్రశ్నకే. పక్కన రామలక్ష్మమ్మ నోరు తెరవబోతుంటే కుసుమకుమారి చెయ్యి అడ్డం పెట్టింది.

"వొంగదు. ముందు నీ రేటు వొంచు" అంది. వంజరం మొప్పలెత్తి ఎర్రగా లేవంది, కళ్ళు లోపలికి పోయాయంది, వద్దంది, వెళ్ళిపోబోయి నిలబడింది, చివరికి కానాగంత చేపలు కొంది. రామలక్ష్మమ్మ పక్కన నిలబడి వింటూ, "ఇది మనకంటే గయ్యాళిదే బేగం" అని చెవిలో చెప్పింది.

తిరిగి రావడం ముజీబ్ ఆటోలోనే. ముగ్గురికీ ఆ రాత్రి కాళ్ళు సలిపాయి. మర్నాడు పొద్దున కుసుమకుమారి ఫోను చేసి ఇద్దర్నీ పేరుపేరునా తిట్టి, ఎన్నింటికి బయల్దేరుతున్నామని అడిగింది.

ఇప్పుడు వాళ్ళ దృష్టి ఫిషింగ్ హార్బరు మీద ఉంది. సూర్యకళ దగ్గర చేపలు పాతబడ్డాకే వస్తాయని కుసుమకుమారి వాదన. తెల్లారకముందే పోతే పడవల దగ్గరే కొనొచ్చంటుంది. అక్కడ నేలంతా నీళ్ళూ పొలుసులూ, జారుతుందని బేగం అంటుంది. బాత్రూము సంగతేమిటని రామలక్ష్మమ్మ అడుగుతుంది. ఆదివారం కారులో తీసుకెళ్ళడానికి శ్రీరామ్మూర్తి ఒప్పుకున్నాడు గానీ, చేపలు డిక్కీలో పెట్టనివ్వనంటున్నాడు. ఆ విషయం మీద ముగ్గురూ ఆయనతో ఇంకా మాట్లాడుతున్నారు.